ఆశ, ఔషధం, ఉప్పునీరు



మాటలు రావలసిన వయస్సులో పిల్లవాడికి మాటలు రాకపోతే, ఇంట్లో మొట్టమొదట వినిపించేది మందు పేరు కాదు, సలహా. "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లదాకా మాటలు రాలేదమ్మా, అవే వస్తాయి" అంటారు అత్తగారు. "కాస్త వస అరగదీసి నాలుక మీద రాయవే" అంటుంది అమ్మ. ఎదురింటి పిన్నిగారు ఒక గుడి పేరు చెబుతారు. ఆఫీసులో వారి స్నేహితులెవరో ఒక వైద్యుడి పేరు చీటీ మీద రాసి ఇస్తారు. వీళ్లెవరికీ ఆ బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఉండబట్టే చెబుతారు. ఆ సలహాల మధ్య కూర్చున్న తల్లి దేన్ని పట్టుకోవాలి, దేన్ని విడిచిపెట్టాలి? ఈ ప్రశ్న మన ఇళ్లలోనే పుట్టిందనుకోకండి. సముద్రాల అవతల ఎనభై ఏళ్లుగా తల్లులు ఇదే ప్రశ్న వేసుకుంటున్నారు. వాళ్లకు దొరికిన జవాబుల్లో కొన్ని వాళ్ల గుండె కోశాయి, కొన్ని వాళ్ల పర్సు ఖాళీ చేశాయి, ఒకటి రెండు మాత్రం నిజంగా దారి చూపించాయి. ఆ చరిత్రే ఇవాళ మీతో చెప్పుకోవాలని.

ఆటిజం అనే మాట ఇప్పుడు మనందరికీ కొద్దో గొప్పో తెలిసిందే. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వేలు పెట్టి "అదిగో" అని చూపించకపోవడం, ఆడిందే ఆట ఆడడం, చిన్న మార్పు వచ్చినా తట్టుకోలేకపోవడం - ఇలాంటి లక్షణాలు కొన్ని పసితనంలోనే కలిసి కనిపిస్తే వైద్యులు ఆ పేరు చెబుతారు. ఇది అంటువ్యాధి కాదు, దెయ్యం కాదు, ఎవరి పాపఫలమూ కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. కొందరు పిల్లలు చక్కగా మాట్లాడతారు, చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు. కొందరికి జీవితాంతం పక్కన ఒక మనిషి తోడు కావాలి. ఒకే పేరు కింద ఇంత తేడా ఉంటుందని మొదటే గుర్తుపెట్టుకోండి. మన కథలో ఆ సంగతి అవసరం అవుతుంది.

1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. అంతకుముందు ఇలాంటి పిల్లలు లేరని కాదు. ఉన్నారు, వాళ్లకు వేరే వేరే పేర్లు పెట్టేవారు. ఈ లక్షణాలన్నీ కలిపి ఒక్కచోట చూపించింది ఆయన. ఇది పుట్టుకతో వచ్చినదే అని ఆ వ్యాసంలోనే రాశారు. కానీ దానితోపాటు మరో మాట కూడా అన్నారు. ఈ పిల్లల తల్లిదండ్రులలో మనసారా ముద్దుచేసేవారు తక్కువ అన్నారు. తర్వాత 1949లో ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ పిల్లలు మంచు కరగని రిఫ్రిజిరేటరులో పెరిగినట్టు పెరిగారన్నారు. అంతే, ఆ పోలిక అంటుకుంది. "రిఫ్రిజిరేటర్ తల్లి" అనే మాట డాక్టర్ల నోట, పత్రికల్లో తిరగడం మొదలుపెట్టింది.

చూశారా, బిడ్డ పలకకపోతే తప్పు తల్లిదయింది! చికాగోలో పిల్లలకోసం ఒక నివాస పాఠశాల నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ గారు 1967లో ఒక పెద్ద పుస్తకం రాసి ఈ అభిప్రాయాన్ని ఇంటింటికీ చేర్చారు. తల్లి మనసులో బిడ్డ వద్దని ఉన్నందువల్లే బిడ్డ లోపలికి ముడుచుకుపోతాడని ఆయన వాదన. ఆయన స్వయంగా హిట్లర్ కాలంలో నిర్బంధ శిబిరాల్లో బాధలు పడినవారు. ఆ శిబిరాల్లో ఖైదీలు ఎలా ముడుచుకుపోయారో ఈ పిల్లలూ అలాగే ముడుచుకుపోయారన్నారు. అంటే, తల్లి ఒడిని ఎక్కడికి తీసుకెళ్లి దేనితో పోల్చారో ఆలోచించండి. మరి వైద్యం? బిడ్డను తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకుపోయి వేరే పెట్టడం. తల్లికేమో ఏళ్లతరబడి మానసిక విశ్లేషణ, "నేనెందుకు ప్రేమించలేకపోయాను" అని తవ్వుకోవడం. ఇంట్లో మిగతా పిల్లలు చక్కగా నవ్వుతూ మాట్లాడుతూ తిరుగుతుంటే, ఈ ఒక్క బిడ్డనే నేను ప్రేమించలేదా అని ఎంతమంది తల్లులు రాత్రిళ్లు కుమిలిపోయారో! ఇదీ ఆనాటి చికిత్స. ఇది నాటువైద్యం కాదు సుమా. పెద్ద చదువులు చదివినవారు చెప్పిన వైద్యం.

ఈ నిందను ఎదిరించినవాడు ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే ఆయన శాన్ డియాగోలో అమెరికా నౌకాదళంలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడిగా పనిచేసేవారు. 1956లో పుట్టిన కొడుకు ఏడుపు ఆపేవాడు కాదు, ఎవరినీ చూసేవాడు కాదు. ఇలాంటి బిడ్డ గురించి తన కాలేజీ పుస్తకంలో ఎప్పుడో చదివానని మొదట గుర్తుచేసుకున్నది ఆయన భార్య. ఆ పుస్తకం దుమ్ము దులిపి తీస్తే అందులో ఆటిజం అనే మాట దొరికింది. ఆపైన ఆయన దొరికిన ప్రతి పరిశోధనా వెతికి చదివి, 1964లో ఒక పుస్తకం రాశారు. తల్లి ప్రేమ లేకపోవడానికీ దీనికీ సంబంధం ఉందనడానికి రుజువు ఒక్కటీ లేదని, ఇది శరీరానికి సంబంధించిన సంగతని వాదించారు. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది ఎవరనుకున్నారు? లియో కానర్ గారే! మరుసటి సంవత్సరం, 1965లో, రిమ్‌లాండ్ మరికొందరు తల్లిదండ్రులను కూడగట్టి ఒక సంఘం పెట్టారు. 1977లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనే పరిశోధకులు 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే పోలికతో పుట్టిన 11 జంటల్లో 4 జంటలకు ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు పోలికలతో పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటకైనా ఇద్దరికీ లేదు. కవలలిద్దరినీ పెంచింది ఒకే తల్లి కదా! కాబట్టి సంగతి పెంపకంలో లేదు, పుట్టుకలో ఉందని తేలింది. తల్లి మెడకు చుట్టిన ఉరితాడు అలా తెగింది.

ఇక్కడితో కథ కంచికి వెళితే బాగుండేది. కానీ నింద పోయినంత మాత్రాన బాధ పోదు కదా. "తప్పు నీది కాదమ్మా" అన్న మాట విన్న తల్లి వెంటనే అడిగేది, "మరి మందేమిటి?" అని. ఆ ప్రశ్నకు వైద్యుల దగ్గర జవాబు లేదు. జవాబు లేనిచోట ఖాళీ ఉంటుంది. ఖాళీ ఉన్నచోట అంగడి వెలుస్తుంది. విచిత్రం చూడండి, తల్లులను నిందనుంచి విడిపించిన ఆ రిమ్‌లాండ్ గారే తర్వాత పెద్ద మోతాదుల్లో విటమిన్లు, పథ్యాలు, ఇంకా రకరకాల చికిత్సలకు గట్టి ప్రచారకులయ్యారు. తల్లిదండ్రులు రాసే ఉత్తరాలు పోగుచేసి, ఎంతమంది మేలు కనిపించిందన్నారో లెక్కకట్టేవారు. ఆయనది మోసం కాదు, ఆత్రం. ఆయనా ఒక తండ్రే.

ఇలాంటి చికిత్సల జాబితా చదివితే అంతే ఉండదు. అందుకని ఒక్కదాని కథ మొదటినుంచి చివరిదాకా చెబుతాను. దాని పేరు సెక్రెటిన్.

మనం తిన్న అన్నం కడుపులో పుల్లబడి చిన్నపేగులోకి దిగుతుంది. అప్పుడు ఆ పేగు గోడ ఒక రసాయనాన్ని రక్తంలోకి వదులుతుంది. అది వెళ్లి క్లోమాన్ని తట్టి "ఆ పులుపు విరిచే రసం పంపించు" అని కబురు చెబుతుంది. ఆ కబురు మోసే రసాయనమే సెక్రెటిన్. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని కనుక్కున్నారు. ఇప్పుడు మనం హార్మోన్ అంటున్నామే, ఆ వర్గంలో మొట్టమొదట కనుక్కున్నది ఇదే. క్లోమం సరిగ్గా పనిచేస్తున్నదా లేదా అని పరీక్షించడానికి డాక్టర్లు ఒక్కసారి సూదిమందుగా ఇచ్చేవారు. పందుల పేగులనుంచి తీసిన మందు. అంతవరకే దానికి అనుమతి.

1996లో, మళ్లీ ఆ బాల్టిమోర్ నగరంలోనే, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రం నుంచి ఒక తల్లి తన చిన్న కొడుకుని ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆటిజం ఉన్న పిల్లవాడు. ఆగని విరేచనాలు. కారణం తెలుసుకోవడానికి పరీక్ష చేస్తూ సెక్రెటిన్ సూది ఇచ్చారు. ఇంటికి వెళ్లాక విరేచనాలు తగ్గాయి. అంతేకాదు, పిల్లవాడు కళ్లలోకి చూడసాగాడు, మాటలు పలకసాగాడు. ఆ తల్లి సంతోషం మీరు ఊహించుకోగలరు. ఇంత మార్పు ఎందుకు వచ్చిందని ఆమె రికార్డులన్నీ వెతికి, సెక్రెటినే కారణమని నిర్ధారణకు వచ్చింది. డాక్టర్లు మొదట నమ్మలేదు. ఆమె వదిలిపెట్టలేదు. 1998లో ఆ ఆసుపత్రి వైద్యులు ముగ్గురు పిల్లల అనుభవంతో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. ఆ అక్టోబరులో అమెరికా టెలివిజన్‌లో ఈ కథ ప్రసారమైంది.

ఇక చెప్పాలా? వేలాది తల్లిదండ్రులు ఆ మందుకోసం డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడ్డారు. మందు తయారుచేసే కంపెనీ దగ్గర సరుకు అయిపోయింది. ధర ఆకాశానికి ఎక్కింది. అప్పుచేసి కొన్నవారున్నారు. ఒక్కసారి పరీక్షకు వాడే మందును పసిపిల్లలకు మళ్లీ మళ్లీ ఇస్తే ఏమవుతుందో ఎవరూ చూడనే లేదు. రిమ్‌లాండ్ గారు కూడా దాన్ని గట్టిగా సమర్థించారు.

అప్పుడు ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని ఆష్‌విల్ అనే ఊళ్లో ఏడ్రియన్ శాండ్లర్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు ఒక పని చేశారు. 3 నుంచి 14 ఏళ్ల మధ్య వయస్సున్న 60 మంది పిల్లలను తీసుకున్నారు. చీట్లు వేసినట్టుగా వాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు సెక్రెటిన్ సూది. రెండో జట్టుకు ఉప్పునీటి సూది. ఏ సూదిలో ఏముందో తల్లికీ తెలియదు, పిల్లవాడికీ తెలియదు, పిల్లవాణ్ణి చూసి మార్కులు వేసేవాళ్లకీ తెలియదు. ఎవరికి ఏది ఇచ్చారో రాసిన జాబితా విడిగా దాచారు. నాలుగు వారాలు చూశారు. 56 మంది చివరిదాకా నిలిచారు.

ఫలితం ఏమిటంటే, సెక్రెటిన్ తీసుకున్న పిల్లలు మెరుగుపడ్డారు! నిజం. ఆటిజం లక్షణాలు కొలిచే ఒక పట్టికలో వాళ్ల మార్కులు సగటున 8.9 తగ్గాయి. ఆ పట్టికలో మార్కులు తగ్గితే మేలు అని అర్థం. మరి ఉప్పునీటి జట్టు? వాళ్ల మార్కులు 17.8 తగ్గాయి. అంటే ఉప్పునీరు గొప్ప ఔషధమని కాదు సుమండీ. ఆ తేడా గాలివాటుగా వచ్చేపాటిదే. అసలు సంగతి ఏమిటంటే, సెక్రెటిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా పిల్లల్లో మార్పు కనిపించింది. ఈ ఫలితం 1999 డిసెంబరులో అచ్చయింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తర్వాతి సంగతి. ఫలితం తల్లిదండ్రులకు చెప్పారు. మందుకీ ఉప్పునీటికీ తేడా లేదని విన్న తర్వాత కూడా, నూటికి 69 మంది మా బిడ్డకు సెక్రెటిన్ కావాలనే అన్నారు. వాళ్లు తెలివితక్కువవారా? కానే కాదు. తమ కళ్లతో మార్పు చూశారు. చూసినదాన్ని కాదనమంటే ఎలా?

ఇక్కడే మనం కాస్త నిదానంగా ఆలోచించాలి. ఆ తల్లులు చూసింది అబద్ధం కాదు. కానీ చూసిన మార్పు ఒకటి, దానికి కారణం ఒకటి. మన పెద్దలు కాకతాళీయం అని ఒక మాట అనేవారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలడం నిజం, పండు రాలడం నిజం. కాకి రాల్చిందనడం మాత్రం మన ఊహ. ఆటిజం ఉన్న పిల్లలు కూడా ఎదుగుతారు. నాలుగేళ్లకు రాని మాట కొందరికి అయిదేళ్లకు వస్తుంది. వాళ్ల ప్రవర్తన నెల నెలకూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. మనం కొత్త మందుకోసం పరుగెత్తేది ఎప్పుడు? పరిస్థితి మరీ చెడ్డప్పుడే కదా! చెడ్డ నెల తర్వాత మామూలు నెల వచ్చినా, మందు వల్లే అనిపిస్తుంది. పైగా సూది వేయించిన తర్వాత తల్లి ప్రతి క్షణం బిడ్డనే చూస్తూ ఉంటుంది. ఎప్పుడూ ఇచ్చే చిన్న చూపు కూడా అప్పుడు కంటపడుతుంది. ఆశతో ఉన్న తల్లి ముఖంలో వెలుగు వస్తుంది, ఎక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ ఆడిస్తుంది. దానికి బిడ్డ స్పందించినా స్పందిస్తాడు. ఇవన్నీ కలిసి ఉన్నప్పుడు మందు చేసిందెంతో విడదీయాలంటే, పక్కన ఉప్పునీటి జట్టు ఉండి తీరాలి. వేరే దారి లేదు.

సెక్రెటిన్ మీద ఆ తర్వాత పరీక్ష మీద పరీక్ష చేశారు. 2012 నాటికి అలాంటివి 16 పరీక్షలు, 900 మందికి పైగా పిల్లలు. అన్నీ కలిపి చూసినా జవాబు ఒకటే, ఆటిజానికి ఇది పనిచేయదు. మరి ఆ మొదటి పిల్లవాడి విరేచనాలు? అవి నిజమైన బాధే, వైద్యం చేయవలసిన బాధే. ఆటిజం ఉన్న పిల్లలకు మలబద్ధకం, నిద్రపట్టకపోవడం, మూర్ఛలు తరచుగా ఉంటాయి. నోరు విప్పి చెప్పలేరు గనుక అది అల్లరిగా బయటపడుతుంది. ఆ బాధలకు మామూలు డాక్టరు దగ్గర మామూలు మందులున్నాయి. వాటిని "ఆటిజంలో అంతే" అని వదిలేయకండి.

పోనీ, పనిచేయకపోతే పోయె, నష్టమేముంది అంటారా? ఉంది. రెండు సంగతులు చెబుతాను.

మొదటిది, మాటలు రాని పిల్లల చేయిపట్టుకుని టైపు చేయించే పద్ధతి. ఆస్ట్రేలియాలో మొదలై, 1990 ప్రాంతంలో అమెరికాలో దావానలంలా వ్యాపించింది. సహాయకురాలు పిల్లవాడి చేతిని పట్టుకుంటుంది. ఎన్నడూ మాట పలకని పిల్లవాడు అక్షరాల పలక మీద పెద్ద పెద్ద వాక్యాలు రాస్తాడు. "అమ్మా, నువ్వంటే నాకిష్టం" అని చదివిన తల్లి పరిస్థితి ఏమిటి! 1993లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక సంస్థలో 12 మందితో పరీక్ష చేశారు. మనిషికి ఒక బొమ్మ, సహాయకుడికి వేరే బొమ్మ చూపించారు. ఒకరిది ఒకరికి కనబడదు. రాయమంటే ఎవరు చూసిన బొమ్మ పేరు వచ్చింది? సహాయకుడు చూసిన బొమ్మ పేరు. అంటే రాసింది సహాయకుడి మనసు. వాళ్లూ మోసగాళ్లు కాదు, తమ చేయి నడిపిస్తున్నదని వాళ్లకే తెలియదు. కానీ ఈలోపల ఆ పలకల మీద "నాన్న నన్ను పాడుచేశాడు" అనే రాతలు కూడా వచ్చాయి. వాటిని నమ్మి తండ్రులను కోర్టుకు ఈడ్చారు, పిల్లలను ఇళ్లనుంచి తీసుకుపోయారు. ఉత్తరోత్తరా ఆ రాతలు పిల్లలవి కావని తేలింది.

రెండోది ఇంకా చేదు. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో లండన్‌లో 12 మంది పిల్లల గురించి అచ్చయిన వ్యాసం ఒక వదంతి లేపింది. ఆ వ్యాసాన్ని 2010లో ఆ పత్రికే రద్దు చేసింది. డెన్మార్క్‌లో 5,37,303 మంది పిల్లల లెక్కలు చూసి, తట్టు టీకాకీ ఆటిజానికీ సంబంధం లేదని 2002లోనే తేల్చారు. కానీ వదంతి కాళ్లు పొడుగు. అదే రోజుల్లో, టీకాలు నిలవ ఉండడానికి కలిపే పాదరసపు సమ్మేళనమే కారణమని మరో వాదన బయలుదేరింది. అయితే ఒంట్లోనుంచి లోహాలు లాగేసే మందు ఎక్కించాలన్నారు. సీసం విషానికి వాడే మందులవి. 2005 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రంలో అయిదేళ్ల బాలుడికి ఒక వైద్యుడి ఆఫీసులోనే ఆ మందు ఎక్కిస్తుండగా గుండె ఆగిపోయింది. ఆ మందు రక్తంలోని కాల్షియాన్ని లాగేసింది. ఆ తల్లిదండ్రులు తమ బిడ్డకు మేలు చేద్దామనే తీసుకెళ్లారు. ఇంతకన్నా చెప్పలేను.

మన దేశంలో ఇలాంటివి లేవా అంటే, ఉన్నాయి. మూలకణాల చికిత్స అంటూ లక్షల రూపాయలు తీసుకునే వ్యాపారం మన నగరాల్లోనూ నడిచింది. 2017లో భారత వైద్య పరిశోధన మండలి విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మూలకణాలు రక్తసంబంధమైన కొన్ని జబ్బులకే ఆమోదించిన వైద్యం, ఆటిజం అందులో లేదు. 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన మండలి ఆటిజానికి మూలకణాల చికిత్స తగదని, దాన్ని ప్రచారం చేయడం వృత్తిధర్మానికి విరుద్ధమని చెప్పింది.

ఇక పథ్యాల సంగతి. గోధుమలు, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని చాలామంది చెబుతారు. దానికి గట్టి రుజువు ఇంతవరకూ లేదు. పాలు పడని పిల్లవాడికి పాలు మానిపించడం వేరు. కానీ మన ఇళ్లలో పెరుగన్నం తప్ప మరొకటి ముట్టని పిల్లలున్నారు. ఆ పెరుగు కూడా తీసేస్తే వాడు తినేదేమిటి? ఎముకలకు బలం ఎక్కడినుంచి వస్తుంది? పథ్యం కదా, ప్రమాదమేముందిలే అనుకోకుండా, డాక్టరును అడిగే చేయండి.

ఇంతా చెప్పి, "ఏదీ లేదు, చేతులు ముడుచుకుని కూర్చోండి" అనడం నా ఉద్దేశం కాదు. రుజువు చూపించిన దారీ ఒకటుంది, అందులో కథానాయిక మళ్లీ తల్లే. ఇంగ్లండ్‌లో ఒక పద్ధతి తయారుచేశారు. తల్లి బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీస్తారు. తర్వాత తల్లీ, శిక్షణ పొందిన మనిషీ కలిసి కూర్చుని ఆ వీడియో చూస్తారు. "ఇదిగో, ఇక్కడ బాబు మీ వంక చూశాడు. మీరు అప్పుడే బొమ్మ మార్చేశారు. ఒక్క క్షణం ఆగి ఉంటే?" ఇలా బిడ్డ పంపే చిన్న చిన్న సంకేతాలు పట్టుకోవడం నేర్పుతారు. 152 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితం 2010లో వచ్చింది. తల్లీబిడ్డల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం మెరుగుపడింది. ఆరేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, లక్షణాల తీవ్రతలో కొంత తగ్గుదల నిలిచే ఉంది.

అది డబ్బున్న దేశం సంగతి అంటారేమో! అదే పద్ధతిని మన గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ప్రయత్నించారు. నేర్పింది పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలు. 65 మంది పిల్లలు, 12 పాఠాలు. 2016లో వచ్చిన ఫలితం ప్రకారం తల్లిదండ్రులు బిడ్డ వరసకు తగ్గట్టు స్పందించడం పెరిగింది, బిడ్డ తనంతట తాను పలకరించడం పెరిగింది. అన్ని కొలతల్లోనూ మేలు కనబడలేదని కూడా వాళ్లు దాచకుండా చెప్పారు. ఆటిజం మాయమవుతుందని ఎవరూ అనలేదు. నిజం చెప్పే వైద్యం ఎలా ఉంటుందో చూశారా? అది ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో రెండూ చెబుతుంది.

కాబట్టి ఎవరైనా కొత్త చికిత్స పేరు చెబితే, వాళ్లతో తగువు పెట్టుకోనక్కరలేదు. నాలుగు ప్రశ్నలు అడగండి. దీన్ని ఇవ్వని పిల్లలతో పోల్చి చూశారా, లేక బాగుపడ్డవాళ్ల ఉత్తరాలే చూపిస్తున్నారా? దీనివల్ల చెడు జరిగితే ఏం జరుగుతుంది? ఇదే మందు ఇంకా ఎన్ని జబ్బులకు పనిచేస్తుందంటున్నారు? పది జబ్బులకంటే, పదకొండోదానికి పనిచేయదనే అనుకోండి. ఆఖరుది, ఇంటిల్లాలికి అన్నింటికన్నా తెలిసిన ప్రశ్న. దీనికోసం మేం దేన్ని మానుకోవాలి? బడి మానాలా, మాట నేర్పే టీచరును మానాలా, రెండో బిడ్డ ఫీజు ఆపాలా, మెడలో గొలుసు అమ్మాలా?

ఇంకో చిన్న ఉపాయం. ఏది మొదలుపెట్టినా ఒక్కసారికి ఒక్కటే మొదలుపెట్టండి. పాలవాడి లెక్క రాసినట్టే ఒక నోటుపుస్తకంలో రోజూ రెండు వాక్యాలు రాయండి. మొదలుపెట్టడానికి నెల ముందునుంచే రాయండి. బడిలో టీచరుకు కొత్త చికిత్స సంగతి చెప్పకుండా, నెల తర్వాత "మా వాడిలో ఏమైనా మార్పు ఉందా?" అని అడగండి. ఆవిడే మీ ఉప్పునీటి జట్టు అన్నమాట. పెద్ద పరీక్షకు ఇది సాటి రాదు గానీ, మన కంటికి మనమే వేసుకునే గంతలు కొన్ని తొలగుతాయి.

సహాయానికి ఎక్కడికి వెళ్లాలి అంటే, సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్ అంటే చాలామందికి తెలుసు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పసిపిల్లలకు ముందుగానే పరీక్షలు చేసి శిక్షణ ఇచ్చే కేంద్రాలు పెట్టారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్నీ చేర్చారు గనుక ధ్రువపత్రానికీ, బడిలో సౌకర్యాలకూ హక్కు ఉంది. ఇవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు, అడిగి తీసుకోవలసినవి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 1967లో పెద్ద పుస్తకం రాసి "తప్పు తల్లిదే" అన్నారు. తర్వాత గోవాలో వీడియో ముందు కూర్చోబెట్టి "అమ్మా, మీ బిడ్డ పిలుస్తున్నాడు, చూశారా?" అన్నారు. ఈ రెండు మాటలకూ మధ్య సుమారు యాభై ఏళ్లు పట్టింది. ఆ యాభై ఏళ్లలో ఎన్నో మందులు వచ్చాయి, పోయాయి. మీ పక్కింట్లో అలాంటి బిడ్డ ఉంటే, ఈసారి ఆ తల్లికి కొత్త మందు పేరు చెప్పకండి. ఒక గంటసేపు ఆ బిడ్డను మీ దగ్గర ఉంచుకుని, ఆమెను కాసేపు నడుం వాల్చమనండి. దానికి ఉప్పునీటి పరీక్ష అక్కరలేదు.